కాలని ఆయిలు

జకరయ్య వాకిట్లో కారు లేని రోజు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. బస్సు డిపోలో పనిచేసినన్నాళ్లూ సెలవు రోజుల్లో పాత కార్లు బాగుచేసేవాడు. రిటైరయ్యాక రోజూ అదే పని. గొడ్లచావిట్లో మూలపడ్డ కారు, కోళ్లు గుడ్లు పెట్టుకునే కారు, ముళ్లకంపలో కూరుకుపోయిన కారు. అన్నీ లారీ మీద వచ్చేవి, తమంతట తాము నడిచి వెళ్లేవి.

ఇప్పుడున్న పాత ఫియట్టు మాత్రం వచ్చి కూచుంది, కదల్లేదు. కరుణమ్మ మొదట్లో సణిగింది. తర్వాత దాని బానెట్టు మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది.

"ఏమయ్యో, దీన్ని బాగుచెయ్యబాక. ఇంత బాగా ఎండే చోటు నాకు మళ్లీ దొరకదు" అనేది.

జకరయ్య "ఊఁ" అనేవాడు. ఆయన ఊఁ అన్నాడంటే ఆ పూటకి మాటలు అయిపోయినట్టే. ఇంట్లో మాట్లాడే పని, వీధిలో మాట్లాడే పని, చర్చిలో పాస్టరుగారితో మాట్లాడే పని, అన్నీ కరుణమ్మవే.

ఫియట్టు జబ్బు పైపైది కాదు. సిలిండర్లు అరిగిపోయాయి. ముందు చేసినవాళ్లు లోపలి ఇనుము చెక్కించి, బోరు తీయించి, తీయించి, గోడ పలచన చేసిపెట్టారు. ఇంకొక్కసారి తీస్తే చుట్టూ తిరిగే నీళ్లు లోపలికి దిగుతాయి. సిలిండర్లుండే ఆ బ్లాకు ఇంకోటి కోసం పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడు. దొరకలేదు. స్టార్టు చేస్తే వీధి వీధంతా నీలం పొగ కమ్మేది. చేసేది లేక, ఇంజను పైమూత హెడ్డు విప్పి ఒళ్లో పెట్టుకుని కూచునేవాడు, పాలు మానిన బిడ్డను పెట్టుకున్నట్టు.

అది చూసి కూతురు సువార్త ఒకరోజు తన ల్యాబుకి తీసుకెళ్లింది. ఊరి బయట ఉంటుందది. చెప్పులు విప్పించి, కాళ్లకి సంచుల్లాంటివి తొడిగించి లోపలికి పంపారు. గాజుతొట్టిలో నల్లటి ఆయిలు. అందులో ఒక ఇనప కడ్డీ రింగులో తిరుగుతోంది, తెల్లవార్లూ తిరుగుతూనే ఉందట. సువార్త కడ్డీ తీసి గుడ్డతో తుడిచి ఆయన చేతికిచ్చింది.

"మొన్న పెట్టినప్పుడు సగానికి అరిగుంది నాన్నా. ఇప్పుడు చూడు."

జకరయ్య బొటనవేలితో తడిమాడు. అరుగుడు లేదు. గోరుతో గీశాడు. పూత కాదు, ఇనుమే.

"అందులో కంటికి కనపడని పురుగులున్నాయి" అంది సువార్త. "తుప్పు తింటాయి. తిన్న ఇనుమంతా తీసుకెళ్లి రాపిడి ఉన్నచోట పేరుస్తాయి. మేత అయిపోతే ఇంకెక్కడ ఇనుముందా అని వెతుక్కుంటాయి."

జకరయ్య కడ్డీ తిప్పి చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "వేడికో?"

"చచ్చిపోతాయి. వేలు పెట్టలేనంత వేడి చాలు. అందుకని ఇంజను స్టార్టు చెయ్యకూడదు. చేత్తో తిప్పాలి. మా సార్ని అడిగాను, పాత ఇంజను మీద చూద్దామన్నారు. పనైపోయాక ఆయిలు దించి, పొగలొచ్చేదాకా కాచి, గుంట తీసి పూడ్చెయ్యాలి. చుక్క కిందపడకూడదు. వింటున్నావా?"

"ఊఁ."

ల్యాబు కారులో ఆ ఆయిలు తెచ్చి ఇంజన్లో పోశారు. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రం జకరయ్య ముందు బంపరు దగ్గర కూచుని హ్యాండిల్ తిప్పడమే. నిదానంగా, గానుగ తిరిగినట్టు. పాత బకెట్లు, విరిగిన కిటికీ ఊచలు గోకి తుప్పు రాలిస్తే, కరుణమ్మ దాన్ని పిండిజల్లెడతో జల్లించి ఇచ్చేది. అది ఇంజన్లో పోసే మేత.

"లోకంలో ఇంజను మనిషిని తిప్పుద్ది. మా ఇంట్లో మనిషే ఇంజన్ని తిప్పుతున్నాడు" అని గోడవతల నాంచారమ్మకి చెప్పి నవ్వేది. నాంచారమ్మకి ఒక బర్రె, దాని దూడ, నోటినిండా మాటలు. ఇద్దరికీ గోడే అరుగు.

పురుగుల సంగతి మాత్రం కరుణమ్మకి తెలియదు. తుప్పు ఎందుకని ఆమె అడిగింది. "ఇంజనుకి" అన్నాడాయన. సువార్త, నాన్న చెప్పే ఉంటాడనుకుంది.

ఒక పొద్దున హెడ్డు విప్పి చూశాడు. అరిగిన సిలిండరుకి పైన గోరు తగిలే గట్టు ఒకటుంటుంది. ఆ గట్టు లేదు. వేలు పైనుంచి కిందికి నున్నగా జారింది. ఫ్యాక్టరీనుంచి వచ్చిన రోజు కూడా అంత నున్నగా ఉండి ఉండదు.  గబగబా ఆయిలు గోడవార ఉండే డబ్బాలోకి దించాడు, కొత్త ఆయిలు పోశాడు, హెడ్డు బిగించాడు. ఆ దించిన ఆయిలు పొయ్యి మీద పెట్టాలి. పెడదాం, ముందు దీని గొంతు ఒకసారి విందాం అనుకున్నాడు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. పొగ లేదు. పాత కార్లకుండే దగ్గూ లేదు, గురకా లేదు. బానెట్టు మీద చెయ్యి పెడితే పడుకున్న పిల్లి వీపులా ఉంది.

ఆ వీధిలో ఒక అలవాటుంది. జకరయ్య ఇంట్లో ఇంజను మోగిందంటే ఆయిలు మార్చినట్టు. ఆయిలు మార్చాడంటే పాత ఆయిలు వీధికి. ఎవరూ పారబోయరు. చెదలు పట్టకుండా తలుపు చట్రాలకి పూసేవాళ్లు, గేటు బందులకి వేసేవాళ్లు, బర్రె గజ్జికి రాసేవాళ్లు. చప్పుడు వినపడగానే డబ్బాలూ, చెంబులూ, పగిలిన మగ్గులూ పట్టుకుని వస్తారు. పోసేది కరుణమ్మ. అందరికీ పోశాక అడుగున మిగిలింది తనకి. గుడ్డముక్క ముంచి మడమల పగుళ్లకి రాసుకునేది. కాపరానికి వచ్చిన కొత్తలోనుంచీ అంతే. ఏనాడూ ఏమీ కాలేదు. ఎందుకవుతుంది, అదంతా ఇంజన్లో కాలి కాలి దిగిన ఆయిలు.

ఇది కాలని ఆయిలు.

జకరయ్య వెనక డబ్బా చప్పుడు విన్నాడు. కరుణమ్మ గొంతూ విన్నాడు. "ఈసారి చిక్కగా ఉందే నాంచారూ, నీ బర్రెకి మంచిది, ఇంకాస్త పట్టు." తల తిప్పి ఒక్క మాట అంటే చాలు. ఇంజను మీదినుంచి చెవి తీయబుద్ధి కాలేదు. తల తిప్పేసరికి డబ్బా ఖాళీ. కరుణమ్మ గడప మీద కూచుని ఆయిలు గుడ్డతో మడమలు తుడుచుకుంటోంది. ముఖం వెలిగిపోతోంది, మొగుడి కారు నడిచిందని.

ఇప్పుడు చెబితే నోటిదాకా వచ్చిన ముద్దలో మట్టి కొట్టినట్టే అనుకున్నాడు. ఆయిలేగా, ఏమవుద్దిలే అనుకున్నాడు.

సాయంత్రం సువార్త ఫోను చేసింది. ఇంజను సంగతి విని చిన్నపిల్లలా సంతోషించింది. తర్వాత అడిగింది. "ఆయిలు కాచావా నాన్నా?"

"ఊఁ" అన్నాడు జకరయ్య.

"డబ్బా?"

"కడిగేశా."

కొన్నాళ్లకి కరుణమ్మ మోకాళ్ల నొప్పులు పోయాయి. ఏళ్లనాటి నొప్పులు. గోడ పట్టుకుని లేచే మనిషి గభాల్న లేచింది. చర్చి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. మేడ మీదికెళ్లి మిరపకాయలు ఎండబోసింది. వడియాలకి ఇక కారు అక్కర్లేదంది.

"మా ఆయన ఆయిలే" అని వీధంతా చెప్పింది. "మడమలకి రాసుకున్నాను, మోకాళ్లు దిగొచ్చాయి." జకరయ్యకి లోపల ఏదో ముల్లు గుచ్చుకుంది. కానీ ఆమె నడక చూసి ఆ ముల్లు తనే పీకేసుకున్నాడు. తన చేతి పనివల్ల పెళ్లానికి సుఖం కలిగిందంటే ఏ మొగుడికి చేదు?

ఆ తర్వాత ఆమె బియ్యం తినడం మొదలుపెట్టింది. పచ్చి బియ్యం. చేటలో చెరుగుతూ గుప్పెడు నోట్లో వేసుకునేది. పెదాలు పాలిపోయాయి. మేడ మెట్లు సగంలో ఆగి గోడకి ఆనుకునేది. "కాళ్లు పొమ్మంటున్నాయి, గుండె రానంటోంది. ఇద్దరికీ పడట్లేదయ్యా" అని నవ్వేది.

ఆ రోజుల్లోనే వీధి చివర టైలరు మస్తాను గేటు పట్టేసింది. ఎంత గుంజినా తెరుచుకోదు. జకరయ్య వెళ్లి చూశాడు. బందుల్లో తుప్పు లేదు. మధ్య సందే లేదు. రెండు ముక్కలూ ఒకే ముక్కగా, మెరిసే కొత్త ఇనుముతో పూడిపోయి ఉన్నాయి. ఒరుసుకునే చోటల్లా నిండిపోయింది.

"ఆయిలేస్తే బిగుసుకోవడం ఏందన్నా, చోద్యం" అన్నాడు మస్తాను.

జకరయ్య రంపం పెట్టి కోసి ఇచ్చాడు.  ఇంటికొచ్చి కరుణమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ఆమె బియ్యం నములుతోంది. మోకాళ్ల వంక చూశాడు, గుండెల వంక చూశాడు. ఒంట్లో ఎప్పుడూ రాపిడి ఉండేవి అవే. చెప్పాలని నోరు తెరిచాడు. 

"ఏందయ్యా అట్టా చూస్తున్నావు, నువ్వూ తింటావా?" అంది కరుణమ్మ.

"ఆస్పత్రికి పోదాం పద" అన్నాడు. అంతవరకే వచ్చింది.

ఆస్పత్రిలో ఒంట్లో రక్తం లేదన్నారు. ఇనుము సూదులు పొడిచారు, రక్తం ఎక్కించారు. ఎక్కించిన పూట ముఖం తేటపడేది. మర్నాటికి మళ్లీ సున్నం. ఎక్కించే కొద్దీ ఆయాసం పెరిగింది. చివరికి ఎక్స్‌రే ఫొటో తీశారు. మోకాళ్ల దగ్గర తెల్లటి గీతలు. గుండెలో తలుపులు కొట్టుకునే చోట తెల్లటి గీతలు.

"ఈమెకి ఎప్పుడైనా లోహంతో ఏమైనా అమర్చారా?" అని డాక్టరమ్మ అడిగింది.

సువార్త ఆ ఫొటో కిటికీ వెలుగుకి పట్టుకుంది. చాలాసేపు దించలేదు. తర్వాత తండ్రిని వరండాలోకి పిలిచింది.

"నాన్నా, ఆయిలు కాచావా?"

జకరయ్య నేల చూశాడు.

"ఆ రోజు నేను అడిగానుగా. ఊఁ అన్నావు."

ఆయన గోడకి ఆనుకున్నాడు.

"మొదట్లో అవి మడమ తోలులోనే ఉంటాయి నాన్నా. ఆ రోజు లేదని చెప్పుంటే పరిగెత్తుకొచ్చేదాన్ని. వేడినీళ్ల బకెట్టులో అమ్మ కాళ్లు పెట్టించేవాళ్లం. ఓర్చుకోలేనంత వేడి అక్కర్లేదు, ఎక్కువసేపు పెట్టాలి, రోజూ పెట్టాలి, అంతే. వేడినీళ్లు నాన్నా. మందు కూడా కాదు." ఆమె ఏడవలేదు.  "ఇప్పుడు గుండెలోకి వేడినీళ్లు పొయ్యలేం."

లోపలికెళ్లి డాక్టరమ్మకి అంతా చెప్పింది. ఆ తర్వాత ల్యాబుకి ఫోను చేసి చెప్పింది. అవతలివాళ్లు ఏమన్నారో, "రాసిస్తాను సార్, ఉద్యోగం నేనే మానేస్తాను" అంది. డాక్టర్లు సూదులు ఆపేశారు. రక్తం ఎక్కిస్తే అందులో ఇనుము పురుగులకి మేత. ఎక్కించకపోతే మనిషికి ఊపిరి లేదు. ఎటు తిప్పినా బిగుసుకునే ఇంజను అది. జకరయ్యకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

కరుణమ్మ మంచం పక్కన కూచున్నాడు. ఆమె కళ్లు తెరిచింది.

"సువార్త ముఖం అట్టా ఉందేంది? ఆ ఆయిలేనా?"

జకరయ్య తల ఊపాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఊఁ."

 "మరి చెప్పలేదేందయ్యా" అంది కరుణమ్మ, పైకప్పు చూస్తూ. తిట్టలేదు. ఉప్పు తేవడం మర్చిపోతే అడిగినట్టే అడిగింది. కాసేపటికి తనే మళ్లీ, "నువ్వు చెప్పే మనిషివైతేగా" అంది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి లాక్కుంది.

"ఇక్కడ కూచుని ఏం చేస్తావు? వీధంతా నా చేత్తో పోశాను. నా మాట విని నాంచారు మొన్నటినుంచి మడమలకి రాస్తోంది. మస్తాను తల్లి కూడా. నాకు కాళ్లుంటే ఇంటింటికీ పోయి చెప్పొచ్చేదాన్ని. నువ్వు పో."

జకరయ్య ఆమె దుప్పటి సర్దబోయాడు.

"పోయి చెప్పు. ఊఁ అనడం కాదు. నోరు తెరిచి చెప్పు."

కొత్తగా రాసినవాళ్లు వేడినీళ్లతో బయటపడతారని, ఎంత వేడి, ఎంతసేపు అన్నీ సువార్త తండ్రికి రెండుసార్లు చెప్పింది. తల్లి దగ్గర తనుంటానంది. జకరయ్య బస్సెక్కి వచ్చాడు. దారి పొడుగునా పెదాలు కదుపుతూ మాటలు కూర్చుకున్నాడు. పక్కన కూచున్నాయన ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని జరిగి కూచున్నాడు.

నాంచారమ్మ చావిట్లో ఉంది. బర్రె గజ్జి మానింది గానీ పడుకుని లేవడం లేదు. దాని కళ్లు తెల్లగా ఉన్నాయి. ఆమె నిమ్మకాయ కోసి దిష్టి తీస్తోంది.

"ఆ ఆయిలు రాయబాక" అన్నాడు జకరయ్య. "పురుగులున్నాయి అందులో. రక్తం తాగుతాయి. కరుణకి అదే. కాళ్లు వేడినీళ్లల్లో పెట్టు. రోజూ పెట్టు."

దారంతా కూర్చుకున్నది ఇంతే అయింది.

నాంచారమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్లు గోడ పక్కన గోడ. బాగున్నావా అని అడిగిన పాపాన పోలా నువ్వు. ఇవాళ నోరు తెరిచి ఈ మాటా అన్నయ్యా?"

"నిజమే చెబుతున్నా."

"ల్యాబోళ్ల కారు మీ ఇంటి ముందు ఆగటం చూడలేదనుకున్నావా. మందని తేలింది. ఇక సీసాల్లో పోసి అమ్ముతారు. మాలాంటోళ్లు ఊరికే రాసుకుంటే కడుపుమంట." ఆమె లేచి నిలబడి, మోకాళ్లు చరిచి చూపించింది. "చూడు, గోడ పట్టుకోకుండా లేచా. వదినకి రక్తం తక్కువైతే, మా ఆడబిడ్డకీ తక్కువే. ఆమె ఏ ఆయిలు రాసుకుంది?"

మస్తాను ఇంట్లో కూచోమన్నారు, టీ ఇచ్చారు, విన్నారు. ఆయన గుమ్మం దాటగానే ముసలామె అనడం వినపడింది. "పాపం, పెళ్లాం మీది బెంగ. మతి చెదిరింది."

మిగతా ఇళ్లలోనూ అదే. ఎవరూ కసిరి పంపలేదు. ఎవరూ నమ్మలేదు. ఆ వీధికి ఆయన గొంతు అలవాటు లేదు. ఆ నోటినుంచి వచ్చిన మాట ఎంత విలువైనదో తూచడానికి వాళ్ల దగ్గర పాత మాట ఒక్కటీ లేదు. అదే కరుణమ్మ చెప్పి ఉంటే, ఒక్క కేక, గోడ మీదినుంచి, చాలు.

జకరయ్య వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఫియట్టు బానెట్టు మీద వడియాల పంచె ఇంకా అలాగే ఉంది. దాన్ని మడిచి లోపల పెట్టాడు. మూడు రాళ్లు పెట్టి కాగు నిండా నీళ్లు పోసి మంట వేశాడు. గంగాళం, బకెట్లు, ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి వరసగా పెట్టాడు. నీళ్లు మరిగాక కారు దగ్గరికెళ్లి హ్యాండిల్ తిప్పాడు.

ఇంజను అందుకుంది. వీధి పొడుగునా మెత్తగా, తీపిగా మోగింది.

వాళ్లు వచ్చారు. డబ్బాలతో, చెంబులతో, పగిలిన మగ్గులతో. అందరికంటే ముందు నాంచారమ్మ.

"ఆస్పత్రిలో పెళ్లాన్ని పెట్టి కారు మోగిస్తున్నాడు, మగాళ్లకి గుండె ఎక్కడేడిసింది" అని ఎవరో అన్నారు. అంటూనే డబ్బా ముందుకు పెట్టారు.

జకరయ్య వాళ్ల ముఖాలు చూశాడు. పురుగుల మాట ఎత్తలేదు.

"ఈసారిది ఇంకా మంచిది" అన్నాడు. "కానీ వేడినీళ్లల్లో కాళ్లు నానాలి. అప్పుడే పడుద్ది. రోజూ ఇక్కడికొచ్చి నానబెట్టినోళ్లకే పోస్తా. పాతది పనిచెయ్యదు, తెచ్చి ఈ డబ్బాలో పొయ్యండి."

ఈ మాట నమ్మారు. పరిగెత్తుకెళ్లి ఇళ్లలో మిగిలింది చుక్క లేకుండా తెచ్చి పోశారు. జకరయ్య డబ్బా పొయ్యి మీద పెట్టి పొగలొచ్చేదాకా కాచాడు. మళ్లీ అదే వాళ్లకి పోస్తాడు. కాలిన ఆయిలు, ఎప్పుడూ పోసేదే.

నాంచారమ్మ గడప మీద కూచుంది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి కాళ్లు బకెట్లో పెట్టి, "అబ్బ, కాలుద్దయ్యా" అని లాక్కోబోయింది. జకరయ్య నేల మీద కూచుని ఆమె రెండు మడమలూ పట్టుకుని నీళ్లలోనే ఉంచాడు. పగుళ్లలో నలుపు దిగి ఉంది. బొటనవేలితో నిదానంగా తోమాడు, సిలిండరు గోడ తడిమినంత నిదానంగా. మస్తాను తల్లి వెనక నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

జేబులో ఫోను మోగింది. తడిచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల సువార్త. "నాన్నా, అమ్మ…" అంది. ఆపైన ఏడుపే.

"ఊఁ" అన్నాడు జకరయ్య.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెంబుతో కాగులోంచి వేడినీళ్లు ముంచి బకెట్లో పోశాడు. వెనక ఇంజను ఆగకుండా ఆడుతోంది. ఎక్కడా ఒక్క దగ్గు లేదు.

నాంచారమ్మకి నీళ్ల వేడి అలవాటైంది. వెనక్కి ఆనుకుని కళ్లు సగం మూసింది. నలుగురూ వినేలా వేళాకోళంగా అడిగింది.

"ఏం అన్నయ్యా, వదిన ఇంటికొచ్చాక ఆమెకీ ఇట్టాగే కడుగుతావా?"

"ఊఁ" అన్నాడు జకరయ్య.